రాణి కట్టిన పాన్

తనతో మాటల్లేని మనిషికి ఎవరైనా పాన్ కట్టి ఇస్తారా? నాకు వచ్చిన మొదటి అనుమానం అదే.

జమ్మికుంటలో మా అత్తగారింటి వెనక వసారాలో ఆ ఇద్దరాడవాళ్ళూ రోజూ మధ్యాహ్నం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒకామె పాన్‌దాన్ ముందు పెట్టుకుని, ఆకు తుడిచి, ఈనె గిల్లి, సున్నం, కాచు రాసి, వక్క పలుకులు వేసి, మడిచి, విడిపోకుండా లవంగం గుచ్చేది. ఎటో చూస్తూ చేయి ముందుకు చాపేది. రెండో ఆమె కూడా ఎటో చూస్తూ అందుకుని నోట్లో పెట్టుకునేది. విప్పి చూసేది కాదు. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు. ముందు గదిలో మా ఇంటాయన మగ్గం చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు. నేను చింతపండు గింజలు తీసే వంకతో అక్కడే కూర్చుని ఇద్దర్నీ చూసేదాన్ని. చూడకుండా ఉండడం నా వల్ల అయ్యే పని కాదు.

ఇద్దరూ నాటకం కంపెనీ వాళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో, పత్తి బండ్లతో ఊరు నిండిపోయే రోజుల్లో ఆ కంపెనీ రైలు దిగి, పత్తిమిల్లు వెనక ఖాళీ జాగాలో డేరా వేసింది. మగవాళ్ళు డేరాలోనే పడుకునేవాళ్ళు. ఈ ఇద్దరికీ ఆడదిక్కున్న ఇల్లు కావాలని కంపెనీ యజమాని అడిగితే మా అత్తమ్మ వెనక గది ఇచ్చింది. మొహానికి రంగు పూసుకునే ఆడవాళ్ళంటే ఆమెకు గిట్టదు. నాటకం చూడడం పాపమని, తను జన్మలో చూడలేదని, చూడబోనని కనిపించినవాళ్ళందరికీ చెప్పేది. మరి గది ఎందుకిచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నాటకంలో ఒకామె రాణి, ఇంకొకామె నెత్తురు తాగే దయ్యం. ఊరంతా వాళ్ళను రాణి, దయ్యం అనే అనేది. మా ఇంట్లోనూ అంతే. ఎదురుగా మాత్రం ఇద్దర్నీ అక్కా అనేదాన్ని. పాన్ కట్టేది రాణి. కోస్తా మనిషి, బొద్దుగా ఉండేది, నవ్వితే ఇల్లంతా వినిపించేది. తినేది దయ్యం. ఆమె మన వైపు మనిషే, గోదావరి ఒడ్డున చెన్నూరు. సన్నగా, పొడుగ్గా, రెప్పలు బరువైనట్టు సగం కళ్ళతో చూసేది.

నాటకం కథ చెప్పకపోతే నా అనుమానాలు మీకు అర్థం కావు. ఒక రాజు పూలమ్మే పిల్లకు మాటిచ్చి, ఆ మాట మరిచి వేరే రాజు కూతుర్ని పెళ్ళాడతాడు. పూలమ్మే పిల్ల అడవిలో చచ్చిపోయి నెత్తురు తాగే దయ్యమై లేస్తుంది. లేచి రాజు దగ్గరికి పోదు. రాణి దగ్గరికి వస్తుంది, మూడుసార్లు. రాణి మంచం మీద పడుకుని ఉంటే, దయ్యం జుట్టు విరబోసుకుని వచ్చి ఆమె మీదికి వంగుతుంది. ఆ జుట్టంతా ఇద్దరి మొహాల మీదా తెరలాగా పడుతుంది. జుట్టు లోపలినుంచి పద్యం వస్తుంది. నువ్వు ముందొచ్చి నేను వెనకొచ్చి ఉంటే నువ్వు నా నెత్తురు తాగేదానివా అని దయ్యం రాణిని అడిగే పద్యం. అది అయ్యాక మెడ కొరుకుతుంది. జుట్టు వెనక్కి విసిరి లేచేసరికి దయ్యం నోటి వెంట ఎర్రగా కారుతుంటుంది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న చిన్నపిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు.

చిత్రమేమిటంటే రాణి మూడుసార్లూ మేలుకునే ఉంటుంది. కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకుని, మెడ కొంచెం పక్కకు తిప్పుతుంది. కాపలావాళ్ళను పిలవదు. దయ్యం కూడా చంపగలిగి చంపదు, కొంచెం తాగి పోతుంది. మూడోసారి పోయేముందు రాణి మీద దుప్పటి సర్ది మరీ పోతుంది.

ఆ దుప్పటి గురించి మా వాడకట్టు ఆడవాళ్ళు రెండుగా చీలిపోయారు. వాళ్ళిద్దరూ లోలోపల స్నేహితులేనని నేను. కాదు, ఒట్టి పగేనని మా వదినె. ఆమె మా ఇంటాయన అక్క, పక్క గల్లీలోనే ఉంటుంది, నన్ను నాటకానికి తీసుకెళ్ళేది ఆమే. అనుమానంలో నాకంటే రెండాకులు ఎక్కువే.

"పగదాని దుప్పటి ఎవలన్న సర్దుతరా వదినె?" అన్నాను.

"ఎందుకు సర్దది? రేపు మల్ల తాగాలె గద. పాలిచ్చే బర్రెకు గడ్డి ఎయ్యమా?" అంది వదినె.

నాటకంలో వాళ్ళ సంగతి తేలకే నాకు తల తిరుగుతుంటే, ఇంట్లో వాళ్ళ సంగతి ఇంకా గజిబిజిగా ఉండేది. ఇద్దరూ వేరువేరు పొయ్యిల మీద వండుకునేవాళ్ళు. ఒకరికి ఉప్పు కావాలంటే మధ్యలో నేనుండాలి. ఉప్పుందేమో అడుగమ్మాయ్ అని రాణి నాకు చెప్పేది. ఆ మాట రెండు మూరల దూరంలో ఉన్న దయ్యానికి వినిపిస్తూనే ఉండేది. అయినా నేను తిరిగి చెప్పేదాకా ఉప్పు గిన్నె కదిలేది కాదు. పాన్‌కు మాత్రం నా అవసరం ఉండేది కాదు.

ఎందుకక్కా మాట్లాడుకోరు అని ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. పగటిపూట మాట్లాడుకుంటే రాత్రికి పగ రాదని దయ్యం గుసగుసగా చెప్పింది. మాటలన్నీ పద్యాల్లోనే ఖర్చయిపోతాయని రాణి నవ్వేసింది. రెండు జవాబులూ నాకు అతకలేదు. మూడోది వదినె ఎక్కడినుంచో పట్టుకొచ్చింది. అంతకుముందు రాణి వేషం చెన్నూరామెదేనట. ఈ కోస్తా ఆమె కంపెనీలో చేరాక ఆ వేషం ఈమెకిచ్చి, ఆమెకు దయ్యం వేషం కట్టారట. ఇక చూడండి, ఆ రోజు నుంచి ఆ పాన్‌లు నాకు పాన్‌లలాగా కనిపించలేదు.

దానికి తోడు దయ్యం గొంతు. పగలంతా ఆమె గుసగుసగానే మాట్లాడేది. మొదట రాత్రి ఆట కోసం గొంతు దాచుకుంటుందేమో అనుకున్నాను. ఒకరోజు ఆమె పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే నన్ను కేకేయబోయింది. నోరు తెరిచింది, మెడ నరాలు తేలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత గీరుకుపోయిన చప్పుడొకటి వచ్చింది. అది దాచుకున్న గొంతు కాదు, లేని గొంతు. స్టేజి మీద దయ్యం మాటలు కూడా అట్లాగే గీరుగా ఉండేవి, కానీ అది దయ్యం కదా, నటన అని ఊరంతా మెచ్చుకునేది. పద్యానికొచ్చేసరికి మాత్రం గంట కొట్టినట్టుండేది. పగలు లేని గొంతు రాత్రి ఎక్కడినుంచి వస్తోంది?

ఇంకొకటి కూడా చూశాను. రాత్రి డేరాకు తీసుకెళ్ళే పాన్‌లు రాణి వేరేగా కట్టి తడిగుడ్డలో చుట్టేది. వాటిలో చిన్న భరిణె లోంచి చిటికెడు ఎర్రపొడి చల్లేది. పగటి పాన్‌లో అది ఉండేది కాదు.

వదినెకు చెప్పగానే ఆమె చేతిలో చాట కింద పెట్టేసింది. సిందూరం అంది. పాటగాళ్ళ గొంతు పోవాలంటే పగవాళ్ళు పాన్‌లో సిందూరం పెడతారని మా వైపు అందరికీ తెలుసు. మా పుట్టింటి ఊరు హుజూరాబాద్‌లో భజనలు పాడే ఒకాయన గొంతు పోతే, ఎవరి చేతి పాన్ తిన్నాడని ఏళ్ళ తరబడి చర్చ జరిగింది. రాణి వేషం తీసుకున్నది చాలక గొంతు కూడా తీసుకుంటోందని వదినె తేల్చేసింది. నేను నమ్మాను. నమ్మకుండా ఎట్లా ఉంటాను, ఎర్రపొడి నా కళ్ళతో చూశాను కదా.

కానీ ఒకటి మిగిలింది. అది సిందూరమేనా? మేము కుంకుమ ఇంట్లోనే చేసుకునేవాళ్ళం, పసుపులో సున్నం కలిపి. అలా చేసిన కుంకుమ మీద చింతపండు పులుసు పడితే మళ్ళీ పసుపు రంగుకు తిరిగిపోతుంది. వంటింట్లో బొట్టు పెట్టుకున్న చేయి పులుసులో పెట్టిన ఆడవాళ్ళకెవరికైనా తెలుసు. సిందూరం తిరగదు. రాణి స్నానానికి పోయినప్పుడు భరిణె తీసి, గోటితో కొంచెం పొడి తీసి, వంటింట్లోకి పరిగెత్తాను. తెల్లటి గిన్నె మీద పెట్టి రెండు చుక్కల పులుసు పోశాను. చూస్తుండగానే ఎరుపు విరిగి పసుపైపోయింది. ఒట్టి కుంకుమ. పెట్రోమాక్స్ వెలుతురులో పాన్ ఎరుపు నల్లగా కనిపిస్తుందని, నెత్తురులా కనబడడానికి కలిపింది అంతే.

వెనక అత్తమ్మ నిలబడి ఉంది. గిన్నెను చూసింది, నన్ను చూసింది. "కడిగి పెట్టు" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

అనుమానం తీరాలి కదా. తీరలేదు, దిక్కు మార్చుకుంది. రాణి గొంతు తీయకపోతే దయ్యం గొంతు ఏమైంది? పోయిన గొంతుతో పద్యం ఎట్లా పాడుతోంది? కొన్నాళ్ళు దయ్యాన్నే అనుమానించాను. మా జాలి కోసం పగలు నటిస్తోందేమో అని ఆమె నిద్రపోతుంటే పక్కన చేరి గురక కూడా విన్నాను. గురక కూడా గీరుగానే ఉంది.

సంగతి చివరికి నా నోట్లోనే దొరికింది. రాణి ఓ మధ్యాహ్నం నాకూ ఒక పాన్ కట్టి ఇచ్చింది. దవడ నిండా పెట్టుకుని నములుతుంటే ముందు గదిలోంచి అత్తమ్మ ఏదో అడిగింది. నేను ఊఁ ఊఁ అన్నాను. నోరు తెరిస్తే చీర మీద పడుతుంది.

"గా నోట్ల గడ్డెందుకు వెట్టుకున్నవే? మాటన్న మాట్లాడు, లేకుంటె ఉమ్మన్న ఉమ్ము" అంది అత్తమ్మ.

అక్కడే ఆగిపోయాను. దయ్యం మంచం దగ్గరికి వచ్చేటప్పటికే నోటి నిండా పాన్ రసం ఉంటుంది. లేకపోతే పద్యం అయిన మరుక్షణం ఎరుపు ఎట్లా కారుతుంది? నోటి నిండా రసం పెట్టుకుని నేను అత్తమ్మకు జవాబే చెప్పలేకపోతే, ఆమె అంత పద్యం ఎట్లా పాడుతుంది? ఊరంతా పాన్‌లో ఏముందని చూసింది. నోట్లో పాన్ ఉంది కదా అని ఒక్కరూ అనుకోలేదు.

ఆ రాత్రి వదినెను లాక్కెళ్ళి అందరికంటే ముందు, స్టేజి అంచు దగ్గర కూర్చున్నాను. దయ్యం వంగింది. జుట్టు పడింది. జుట్టు తెరకు కింద జానెడు సందు ఉంది. ఆ సందులో రాణి మెడ కనిపించింది. పద్యం నడిచినంతసేపూ ఆ మెడలో గొంతు ముడి పైకీ కిందికీ కదులుతూనే ఉంది. తన నెత్తురు తాగే పద్యాన్ని రాణే పాడుతోంది, తన మీద వంగినదాని కోసం.

వదినెకు చెప్పలేదు. మొదటిసారి నా కడుపులో ఒక మాట నిలిచింది. హార్మోనియం ఆయనకు తెలియకుండా ఉంటుందా అన్న అనుమానం మాత్రం ఇప్పటికీ ఉంది. ఇంకో అనుమానం కూడా పట్టుకుంది. రాణి ఇది ప్రేమతో చేస్తోందా, లేక తన చేతిలో ఉంచుకోవడానికా? ఏ రోజు తను నోరు మూసుకుంటే ఆ రోజు దయ్యం పని అయిపోతుంది. దుప్పటి సర్దడమా, బర్రెకు గడ్డి వేయడమా?

సిందూరం మాట వదినె అప్పటికే బావి దగ్గర పంచేసింది. అది తిరిగి తిరిగి కంపెనీ యజమాని చెవిలో పడేసరికి సిందూరం పోయి, దయ్యానికి గొంతు పోయిందన్న మాట ఒక్కటే మిగిలింది. ఆట ముగిసి కంపెనీ చెన్నూరు బయల్దేరే ముందు రోజు పొద్దున్నే ఆయన మా ఇంటికొచ్చి, వసారాలో మంచం మీద కూర్చున్నాడు.

"ఊళ్ళో ఏవేవో అంటున్నారమ్మా. ఒక్క పద్యం అను, విని వెళ్ళిపోతాను" అన్నాడు దయ్యంతో.

దయ్యం ఆయన వైపు చూడలేదు. రాణి వైపు చూసింది. నేను చూస్తుండగా ఆమె సూటిగా రాణి మొహం చూడడం అదే మొదలు. రాణి తలెత్తలేదు. ఆకుకు సున్నం రాస్తోంది. ఎక్కువైతే తుడిచింది, మళ్ళీ రాసింది, మళ్ళీ తుడిచింది. ఒక్క మాట అడ్డం వేస్తే ఏం పోయింది? జలుబు చేసిందనొచ్చు కదా? నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"దయ్యం పద్యం మా ఇంట్ల పాడద్దు. నేను నీళ్ళోసుకున్న" అన్నాను.

ముందు గదిలో మగ్గం ఆగిపోయింది. వంటింట్లోంచి అత్తమ్మ బయటికొచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఔ, మా కోడలు ఒట్టి మనిషి గాదు. దయ్యాల పాటలు మీ డేరాల పాడుకోండ్రి" అంది అత్తమ్మ.

ఇట్లాంటి పట్టింపులకు నాటకం వాళ్ళు చాలా భయపడతారు. యజమాని లేచాడు. చెన్నూరులో మొదటి ఆటకు ముందు వరసలో తానే కూర్చుంటానని, గొంతుంటే ఆమె ఉంటుందని, లేకపోతే మంచిర్యాలలో ఒక అమ్మాయిని చూసి పెట్టానని చెప్పి వెళ్ళిపోయాడు. మగ్గం దిగి వచ్చిన మా ఇంటాయన గుమ్మంలో నిలబడి ఆశగా చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. పాపం, మళ్ళీ పోయి మగ్గం మీద కూర్చున్నాడు.

అప్పుడు దయ్యం నా చేయి పట్టుకుని ఆ గీరు గొంతుతోనే చెప్పింది. చెన్నూరులో వాళ్ళ అవ్వ, కన్నతల్లి, ఉంది. కూతురు నాటకాల్లో చేరిన రోజు నుంచి మాటల్లేవు. ఊరికి ఆట వస్తోందని తెలిసి, ఇప్పుడు కబురు పెట్టింది. రంగు పూసుకున్న మొహం చూడదట. తల వంచుకుని కూర్చుని పాట మాత్రం వింటుందట. వరి నాట్లలో పాడుతుంటే విన్న గొంతు ఒక్కసారి మళ్ళీ వింటుందట.

"కంపెనీల ఉంచకపోతె పాయె. మా అవ్వ ముందట ఒక్కసారి నిలవడాలె" అంది.

రాణి పాన్‌దాన్ మూత పట్టుకుని అంతా వింది. నాతో అంది, "ఆవిడకి చెవులు బాగా వినిపిస్తాయేమో అడుగమ్మాయ్."

నేను తిప్పి చెప్పే అవసరం లేకుండానే దయ్యం జవాబిచ్చింది, నా వైపే చూస్తూ. "ఏరు అవతలికెంచి నేను కూతేస్తె గుర్తువడుతది."

రాణి పాన్‌దాన్ మూసేసింది. ఆ రోజు ఇక పాన్ కట్టలేదు. ఎందుకు అడిగిందో నాకు అప్పుడు తట్టలేదు. తట్టాక కూడా అది మంచికి అడిగిందో చెడుకు అడిగిందో తేలలేదు.

వాళ్ళు పోయాక అత్తమ్మ ఇంట్లో ఇంకో మాట తెచ్చింది. కోడలు నీళ్ళోసుకుంది కాబట్టి చెన్నూరు దగ్గర గోదావరిలో ముంచి తెస్తానని మొక్కుకుందట. అక్కడ ఆమె తమ్ముడి ఇల్లుంది. అబద్ధం గోదావరి దాకా వచ్చింది. రైల్లో మంచిర్యాల దగ్గరికి వస్తుంటే ఇక ఆగలేక నిజం చెప్పబోయాను.

"నీ బట్టలు నేను సూడనా? నీళ్ళోసుకున్నవో లేదో నాకు తెల్వదా?" అంది అత్తమ్మ, శనగలు ఒలుస్తూ.

"మరి ఎందుకు తోల్కపోతున్నవ్ అత్తమ్మా?"

ఆమె కిటికీ లోంచి బయటికి చూసింది. "గా దుప్పటి సంగతేందో సూద్దామని" అంది.

మేము బస్సు దిగేసరికి చెన్నూరులో డేరా వేసి ఉంది. మొదటి ఆట రోజు సాయంత్రం, మేమొచ్చామని తెలిసి, దయ్యం నాకు కబురు పెట్టింది, వాళ్ళ అవ్వను తీసుకొచ్చి దగ్గర కూర్చోబెట్టుకొమ్మని. వెళ్ళాను. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళ కొసలు పచ్చబారిన ముసలామె. గొంతు మాత్రం ఊరవతలికి వినిపించేటంత పెద్దది. ఆడవాళ్ళ వైపు ముందు కూర్చోబెట్టాను. కూర్చోగానే కొంగు మొహం మీదికి లాక్కుని తల వంచేసింది. ఆమెకు అటు నేను, ఇటు మా అత్తమ్మ. మగవాళ్ళ వైపు ముందు వరసలో యజమాని, కాలు మీద కాలు వేసుకుని.

దయ్యం వచ్చి గీరు గొంతుతో, దయ్యంలా సాగదీసి మాటలు మొదలుపెట్టింది. జనం బిగుసుకుపోయారు. ముసలామె కొంగు కింద నుంచి అడిగింది, "మా పిల్ల ఇంక రాలేదా?"

కాసేపాగమని చేయి నొక్కాను.

మొదటిసారి జుట్టు పడింది, పద్యం వచ్చింది. గంటలాంటి గొంతు. ముసలామె చెవి అటు వాల్చి విని, అందరికీ వినిపించేటట్టు, "ఎవలో మంచిగనే పాడుతున్నరు. మా పిల్ల ఎప్పుడొస్తది?" అంది. స్టేజి మీద మంచం మాకు నాలుగు మూరల దూరంలో ఉంది. మంచం మీది మనిషికి ఆ మాట వినిపించే ఉంటుంది. వంగిన మనిషికీ వినిపించే ఉంటుంది. రెండోసారీ అంతే అయింది. ముసలామె ఈసారి ఏమీ అడగలేదు, కాళ్ళ దగ్గరి మూట సర్దుకుంది, లేచి పోదామా అన్నట్టు.

మూడోసారి దయ్యం వంగింది. జుట్టు పడింది. హార్మోనియం ఎత్తుకుంది. ఒక చుట్టు తిరిగింది. పద్యం రాలేదు. హార్మోనియం మళ్ళీ మొదటికొచ్చింది. నేను జానెడు సందులోకి చూశాను. రాణి మెడ కదలడం లేదు. కళ్ళు మూసుకుని, మెడ కొంచెం పక్కకు తిప్పి, అట్లాగే పడుకుని ఉంది. యజమాని కాలు మీద కాలు తీశాడు. వెనకనుంచి ఎవరో ఈల వేశారు.

దయ్యం అట్లాగే వంగి ఉంది, నోటి నిండా రసంతో. ఆ జుట్టు లోపల ఇద్దరూ ఒకరి కళ్ళలో ఒకరు చూసుకున్నారో, రాణి కళ్ళు తెరవనే లేదో, ఎవరికీ తెలియదు. తర్వాత దయ్యం మెల్లగా లేచింది. పక్కకు తిరిగి నోట్లో ఉన్నదంతా ఉమ్మేసింది. చేత్తో మూతి తుడుచుకుంది. జుట్టు రెండు చేతులా వెనక్కి తోసి, మా వైపు తిరిగి, ఆ పద్యాన్ని రాగం లేకుండా చెప్పడం మొదలుపెట్టింది. గీరుకుపోయిన గొంతుతో, మధ్యమధ్యలో గాలి మాత్రమే వస్తుంటే, మన ఇళ్ళలో మనిషిని మనిషి అడిగినట్టు. నువ్వు ముందొచ్చి నేను వెనకొచ్చి ఉంటే.

నా పక్కన ముసలామె చేయి ఆగిపోయింది. కొంగు పైకి తీసింది. రంగు పూసిన మొహాన్ని కళ్ళార్పకుండా చూసింది.

"గిది నా బిడ్డనే" అంది. ఈసారి చిన్నగా అంది, మా ఇద్దరికే వినిపించింది.

పద్యం సగంలో వెనకవాళ్ళు పాట ఏదని గోల మొదలుపెట్టారు. యజమాని చేయి ఊపితే తెర దించేశారు. దుప్పటి సర్దడం ఆ రోజు ఎవరూ చూడలేదు. మా అత్తమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా ఒక్కటే అడిగింది, గా రాణి గొంతు ఆగిందా, ఆపిందా అని. యజమాని ముందు పరువు తీయడానికి ఆపిందని ఒకసారి అనేది. కాదు, తల్లి చెవికి దొంగ గొంతు వినిపించడం ఇష్టంలేక ఆపిందని పది అడుగులు పోయాక అనేది. నేనూ రెండు వైపులా ఒప్పుకుంటూ నడిచాను.

మర్నాడు తెల్లవారేసరికి మంచిర్యాల అమ్మాయికి దయ్యం వేషం ఖాయమైంది. చెన్నూరామె పెట్టె అవ్వ ఇంటికి చేరింది.

అత్తమ్మ అబద్ధమైనా సరే మొక్కు మొక్కేనని నన్ను గోదావరికి తీసుకెళ్ళి ముంచింది. తడి చీరతో ఇసుకలో నడుస్తుంటే రాణి ఎదురొచ్చింది. పసుపు రాసి కడిగిన మొహంతో ఉంది, నవ్వలేదు. కొంగు మడతలోంచి ఒక పాన్ తీసి నా చేతిలో పెట్టింది.

"ఆమెకివ్వమ్మాయ్" అంది. ఏమైనా చెప్పాలా అని అడిగాను. అక్కర్లేదంది.

దారిలో ఒక చెట్టు చాటుకు పోయి లవంగం తీసి విప్పి చూశాను. మీరైతే చూడరా? సున్నం లేదు, కాచు లేదు, వక్క లేదు, ఎర్రపొడి అంతకన్నా లేదు. అతిమధురం పుల్ల ముక్కలు, గొంతు బాగుపడ్డానికి పిల్లలకు నమలమని ఇస్తామే, అవే ఉన్నాయి. మళ్ళీ మడిచి లవంగం గుచ్చాను.

ఆమె అవ్వ పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. మొహం మీద రంగు జాడ చెవుల దగ్గర ఇంకా పోలేదు. పాన్ ఇచ్చాను. ఎవరిచ్చారని అడగలేదు. జమ్మికుంటలో ఉన్నన్నాళ్ళూ ఎటో చూస్తూ అందుకుని అట్లాగే నోట్లో పెట్టుకునేది కదా, ఆ రోజు పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని లవంగం పట్టి చూసింది. ఆకుకు రెండు చిల్లులున్నాయి.

"నువ్వు గూడ ఇప్పి సూసినవా?" అంది.

తల ఊపాను.

ఆమె కూడా విప్పింది. ఒక్కో మడతా తీసి, పుల్లముక్కలను వేలితో కదిపి, ఆకు తిరగేసి కింద కూడా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మడిచి నోట్లో పెట్టుకుని నమిలింది. కాసేపటికి చిన్నపిల్లలు చూపించినట్టు నాలుక బయటపెట్టింది.

"ఎర్రగైందా?"

"లేదక్కా."

ఆమె నములుతూనే కత్తెర అందుకుంది.